దింపుడు కర్ర ఇర్ఫానాకే

విశాఖపట్నం, గోపాలపట్నం మార్కెట్టు వెనక వీధిలో కాపురముంటూ, అదే వీధిలో "అబ్బులు ఇన్‌స్ట్రుమెంట్స్" అనే పాత కొలత యంత్రాల మరమ్మతు షాపు నడుపుతున్న, కీర్తిశేషులు పంపన అబ్బులు గారి కుమార్తె పంపన ఆశాజ్యోతి అను నేను, వయసు నలభై ఏడు, నా చేతులతో నేనే రాసుకున్న వీలునామా.

నా బుద్ధి స్థిరంగా ఉంది. ఈ మాట ఊరికే రాయలేదు, పరీక్షించుకుని రాశాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. తీగలో కరెంటు లేదని మీటరు చెప్పగానే నమ్మం. ముందు ఆ మీటరును కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, అది పనిచేస్తోందని చూసుకుంటాం. తర్వాత అనుమానమున్న తీగ మీద పెడతాం. తర్వాత మళ్లీ తెలిసిన చోటికే వెళ్లి, ఈలోగా మీటరు పాడవలేదని రూఢి చేసుకుంటాం. నిన్న పొద్దున ఎమ్మెస్సీ నాటి పుస్తకంలోంచి ఒక లెక్క చేశాను. జవాబు సరిపోయింది. ఈ వీలునామా చిత్తుప్రతి రాశాను. సాయంత్రం ఇంకో లెక్క చేశాను. అదీ సరిపోయింది. కనుక ఆ రెండింటి మధ్యా రాసినది మతి ఉన్న మనిషి రాసినదే. ఎవరి ప్రలోభమూ లేదు. ఒత్తిడి ఉంది గానీ, అది రాయవద్దని. నేను దానికి ఎదురు రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, మొన్న గాల్ బ్లాడర్ ఆపరేషనుకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా అన్నయ్య అశోక్ నా మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తూ, "నీకా పెళ్లీ పిల్లలూ లేరు. నీ తర్వాత ఆ షాపు నాకే గదా వచ్చేది. ఇప్పుడిచ్చీడానికి ఏటి నీ బాధ" అన్నాడు. అని, తొనలు నా చేతిలో పెట్టాడు. తిన్నాను. అన్నయ్య చెడ్డవాడు కాదు. చట్టమూ ఆయన చెప్పినట్టే ఉంది. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి, పిల్లలు లేని ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే, తిరిగి ఆ తండ్రి వారసులకే పోతుంది. ఒక ప్లీడరును అడిగాను. నమ్మకం చాలక ఇంకో ప్లీడరును అడిగాను. ఇద్దరూ అదే చెప్పారు. అందుకే ఈ కాగితం.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా యూనివర్సిటీ స్నేహితురాలు, ఫిజిక్స్ లెక్చరర్ కామేశ్వరికి అప్పగిస్తున్నాను. కామేశ్వరీ, హాస్టల్లో నా చేతికి హీటరు తీగ కూడా ఇవ్వనిదానివి. ఇప్పుడు మొత్తం షాపే నీ చేతిలో పెడుతున్నాను, తిట్టుకోకు.

1. షాపు. నాన్నగారు పోయాక జరిగిన పంపకంలో అన్నయ్యకు ఇల్లు, నాకు షాపు వచ్చాయి. నా వాటాకు హద్దులు: తూర్పున మునిసిపల్ రోడ్డు. దక్షిణాన కనకరత్నం గారి టిఫిన్ సెంటరు గోడ. అవతల పొయ్యి ఉంది, గోడ వేడెక్కుతుంది, కెపాసిటర్ల బీరువా అటు జరపకూడదు. పడమట రైల్వే వారి స్థలం. ఉత్తరాన మా అన్నయ్య ఇల్లు. ఈ నాలుగు హద్దుల నడుమ ఉన్న ముందు గది, వెనక గది, పైగది, వాటిలోని యావత్తు సామానూ, షాపు పేరుతో సహా, నా తదనంతరం వన్‌టౌన్ కాపురస్తురాలు మదీనా బీ గారి కుమార్తె ఇర్ఫానాకు సర్వహక్కులతో చెందవలెను. ఆమె నాకు బంధువు కాదు. పనిమనిషీ కాదు. పదకొండేళ్లుగా నా ఎదురు బల్ల మీద పనిచేస్తున్న మెకానిక్కు. ఈ ఊళ్లో కాలేజీ ల్యాబుల్లో ఇంకా వెలుగుతున్న పాత ఆసిలోస్కోపుల్లో, అంటే కరెంటు అలను తెర మీద చూపే స్కోపుల్లో, సగం ఆమె చేతిలో బతికినవే.

దీన్ని ఎవరైనా కోర్టులో ప్రశ్నించదలిస్తే ప్రశ్నించవచ్చు. ఇర్ఫానా నన్ను మాయ చేసిందని మాత్రం రాయవద్దు. నన్ను మాయ చేయడం కష్టం. నేను రోజూ మూడుసార్లు తాళం లాగి చూసే మనిషిని.

2. దింపుడు కర్ర. బల్ల పక్కన మేకుకు వేలాడుతున్న పొడుగాటి ఫైబర్ కర్ర. కొసన ఇత్తడి కొక్కెం, దాని వెనక రెసిస్టరు, అక్కణ్ణించి ఎర్తుకు పోయే తీగ. ఇది విడిగా, పేరు పెట్టి, ఇర్ఫానాకే ఇస్తున్నాను. షాపు విషయంలో ఎవరికి ఎన్ని అభ్యంతరాలున్నా, ఈ కర్ర విషయంలో నాకు ఏ రాజీ లేదు.

ఎందుకో చెబుతాను. పాత సెట్టుకు స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేస్తే అందరూ "చచ్చింది" అంటారు. చావదు. లోపల కెపాసిటర్లు కరెంటును మింగి కూర్చుంటాయి. పిక్చర్ ట్యూబు ఉన్న సెట్లో వేల వోల్టులు ఉంటాయి, ఒక్కోసారి రోజుల తరబడి. కర్ర తాకిస్తే దిగిపోతుంది. కానీ ఒకసారి దింపిన కెపాసిటరు, కాసేపు వదిలేస్తే, తనంతట తను మళ్లీ కొంత కూడగట్టుకుంటుంది. అందుకని తాకించాలి, ఆగాలి, మీటరు పెట్టి చూడాలి. మళ్లీ తాకించాలి. అలా మూడుసార్లు. నాన్న ఈ పనికి దింపుడు కళ్లం అని పేరు పెట్టారు. పాడెను సగం దారిలో దించి, ఒకవేళ ప్రాణం ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా, అది. "మనిసికి చేసే మర్యాద మిషన్‌కి చెయ్యకపోతే ఎలాగ?" అనేవారు. అమ్మ గోదావరి మనిషి, ఒప్పుకునేది కాదు. "పొద్దున్నే కొట్టు తలుపు తీసి ఆ పాడు మాటలేంటండీ" అని ఆ కర్రకు పసుపు రాసేది. పసుపు తడి ఆరేదాకా ఆ కర్ర పనికిరాదని నాన్న తల పట్టుకునేవారు.

అన్నయ్యా, ఇది నీకు రాయకపోవడానికి కారణం నీకు తెలుసు. ఇంటర్ చదివేటప్పుడు నువ్వు ఒక స్కోపు మూత తీశావు. నాన్న కర్ర అందుకునేలోగా "సచ్చిపోయిందిలే నాన్నా" అని చెయ్యి పెట్టావు. బీరువాకు తగిలి పడ్డావు. నీ బొటనవేలి కింద తెల్లటి మచ్చ ఇప్పటికీ ఉంది. మర్నాడు నాన్న కర్ర నా చేతికిచ్చారు. ఆనాటి నుంచి మొన్నటి దాకా నువ్వు ఈ గడప తొక్కలేదు. నాన్నకు నీ మీద కోపమని అనుకున్నావు. భయమని నేను అనుకుంటున్నాను. ఆయన ఏ సంగతీ చెప్పలేదు కనుక నేనూ పొరబడి ఉండవచ్చు.

3. వెనక గదిలో సామాను. దీన్ని తూకానికి అమ్మకూడదు. నా తర్వాత ఎవరి చేతిలో ఉన్నా ఈ షరతు షరతే.

నేను ఆసుపత్రిలో ఉండగా అన్నయ్య తుక్కు కొట్టు పోతమ్మ గారి కొడుకును ఆటోతో తీసుకొచ్చి, వెనక గది ఖాళీ చేయించబోయాడు. గది ఖాళీ అయితే రెండు స్థలాలూ కలిపి అపార్టుమెంటు కట్టే మనిషికి ఇవ్వొచ్చని ఆయన ఆలోచన. ఇర్ఫానా మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి, అంతకుముందే ఆపి వెళ్లిన స్కోపు, మూత లేకుండా, గుమ్మం దాకా వచ్చేసింది. తుక్కబ్బాయి దాని ట్యూబు ఊడబెరకడానికి స్క్రూడ్రైవరు తీస్తున్నాడు. ఇర్ఫానా అరవలేదు. అరిస్తే మగవాళ్లకు పంతం వస్తుందని ఆమెకు తెలుసు. "ముట్టుకోండన్నా, నానేటి ఆపను. ముందర ఇంటికి ఫోన్ సేసి, అన్నం తినీసి పడుకోమని సెప్పీండి. మీకోసం సూడొద్దని" అంది. అన్నయ్య, "ఏటీ బెదిరిస్తన్నావు, అన్నీ సచ్చిపోయినవే గదా" అన్నాడు. ఇర్ఫానా ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో కర్ర తెచ్చి, నెమ్మదిగా తాకించింది. టప్పుమంది. నీలంగా మెరిసింది. తుక్కబ్బాయి స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకుని, "సచ్చిపోయిన సామాన్లన్నావు గదా బావా. సచ్చినోడు ఇలగ పలుకుతాడేటి? నాకు పిల్లలున్నారు, నానొగ్గేత్తన్నాను" అని ఖాళీ ఆటోతో వెళ్లిపోయాడు.

ఇదంతా నాకు కనకరత్నం గారు టిఫిన్ సెంటరు మెట్ల మీంచి చూసి చెప్పినది. ఇర్ఫానా నాతో చెప్పినది ఒక్కటే: "ఆ స్కోపు మూడుసార్లు దింపీసి లోపల పెట్టేనక్కా."

ఆ స్పార్కు సంగతి అటుంచండి. స్పార్కు మంచిది, ముందే చెబుతుంది. చెప్పనివి కొన్ని ఉన్నాయి. వాటి గురించి రాస్తున్నాను, ఎవరి చేతిలో పడినా చదవండి.

పిక్చర్ ట్యూబును మెడ పట్టుకుని ఎత్తకూడదు. లోపల గాలి ఉండదు, పగిలితే గాజు లోపలికి కూలి ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, రెండు చేతులతో ముందు వైపు పట్టుకుని ఎత్తాలి.

ఎర్ర డబ్బీలో కొన్ని పవర్ ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. వాటి అడుగున తెల్లటి పింగాణీ ముక్క ఉంటుంది, చూడ్డానికి ముగ్గురాయిలా ఉంటుంది. అది బెరీలియం ఆక్సైడు. ఆకురాయి పెట్టకూడదు, పగలగొట్టకూడదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. ముక్కలుగా ఉన్నంతసేపూ ఏమీ చేయదు. తుక్కు కొట్టులో సుత్తి దెబ్బ పడితేనే ప్రమాదం, అక్కడేమో సుత్తి లేని పని ఉండదు.

ఇనప ట్రేలో ఉన్న పెద్ద నూనె కెపాసిటర్లు కారుతున్నాయి. ఆ నూనె వంటికి అంటనీయకూడదు, తగలబెట్టకూడదు, మురుగులో పోయకూడదు. వాటిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి రసీదు మీద అప్పగించాలి. పాదరసంతో పనిచేసే రిలే స్విచ్చి పగిలితే చీపురు పట్టుకోవద్దు, కిటికీలు తీసి, జనాన్ని బయటికి పంపి, అట్టముక్కతో పోగుచేసి మూత ఉన్న సీసాలో పెట్టాలి. సెట్టులోంచి కుళ్లిన ముల్లంగి వాసన వస్తే అది సెలీనియం కాలడం. ప్లగ్గు పీకి బయటికి నడవాలి, ఎక్కడ కాలుతోందో వెతుకుతూ కూర్చోకూడదు.

ఏళ్ల తరబడి మూలపడిన సెట్టుకు ఒక్కసారిగా కరెంటు ఇవ్వకూడదు. వేరియాక్ మీద పెట్టి, దాని పిడి తిప్పుతూ వోల్టేజి కొంచెం కొంచెంగా పెంచాలి, జ్వరం తగ్గిన మనిషికి జావ పోసినట్టు. పోర్టు వైపు గాలి కొట్టే రోజుల్లో బొగ్గు దుమ్ము లోపల పేరుకుంటుంది, అది కరెంటును దాటిస్తుంది. మెత్తటి బ్రష్షుతో దులిపి, స్పిరిటుతో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడే వెలిగించాలి. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టెకు పెట్టండి, లోపల పెట్టకండి. దేవుడు మూత మీంచి కూడా చూస్తాడు.

ఎందుకమ్మా ఇవన్నీ పట్టుకుని వేలాడతావు, కొత్తది అరచేతిలో పట్టేంత వస్తోంది కదా అని అడిగిన వాళ్లందరికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను. కొత్తది నేనూ వాడతాను. కానీ పాతదాన్ని మూత తీసి, ఏ భాగం ఎందుకు చెడిందో వేలితో చూపించవచ్చు. ఇన్నేళ్లూ ప్రపంచంలో నాకు అనుమానం లేకుండా తెలిసినవి ఇవి మాత్రమే. నా ఇష్టం.

4. ఓడ మీటరు. పాత ఓడలు విడగొట్టే షిప్ బ్రేకింగు యార్డులోంచి నాన్న తెచ్చిన నల్ల డయలు మీటరు, సీలు వేసిన డబ్బాలో, పైగదిలో ఎవరూ కూర్చోని మూల ఉంది. దీన్ని మా వదిన తాయారు షోకేసులో పెట్టుకుంటానని రెండేళ్లుగా అడుగుతోంది. ఇవ్వను అంటే పిసినారినంది. అంకెలకు రేడియం పూశారని చెబితే, "రేడియమే గదా జ్యోతీ, మా స్కూటీ నంబరు ప్లేటు మీద లేదేటి?" అంది. వదినా, బండి మీద మెరిసే స్టిక్కరుకు మనం పెట్టుకున్న పేరది. ఇది అసలుది. ఇప్పుడు చీకట్లో వెలగడం లేదు కనుక చచ్చిందని నువ్వన్నావు. వెలుగు ఇచ్చే మందు అరిగిపోయింది, రేడియం అరగలేదు. మన మనవల మనవల తర్వాత కూడా ఉంటుంది. గాజు తీస్తే ఆ రంగు పొడిగా రాలి, గాలిలో కలిసి ఒంట్లోకి పోతుంది. నీకు ఇవ్వనంత ఇష్టం నువ్వంటే నాకు. అణుశక్తి నియంత్రణ అధికారులకు కబురుచేసి, వారు చెప్పిన విధంగా అప్పగించే పని కామేశ్వరిది.

షోకేసు కోసం నా నీలం పింగాణీ పూలకుండీ తీసుకో. దాన్ని సుత్తితో కొట్టినా నీకేం కాదు.

5. మా అన్నయ్య అశోక్‌కు నాన్నగారి వాల్వు రేడియో. క్రికెట్ కామెంటరీ కోసం మీరిద్దరూ చెరో చెవి ఆనించి కూర్చునేవారు, నాకు చోటిచ్చేవారు కాదు. పాత కెపాసిటర్లన్నీ మార్చాను. లోపలి ఇనప చట్రం, ఛాసిస్, షాకు కొట్టకుండా విడిగా ట్రాన్స్‌ఫార్మరు పెట్టాను. ఆపిన వెంటనే కరెంటు తనంతట తనే దిగిపోయేలా రెసిస్టర్లు వేశాను. వెనక మూత బిగించి స్క్రూల మీద లక్క పోశాను. ఇర్ఫానా నా లెక్క మళ్లీ చూసింది. అన్నయ్యా, ఇది వెలుగుతున్నప్పుడు కూడా చెయ్యి వెయ్యి. వెచ్చగా మాత్రమే ఉంటుంది.

ఉత్తరం హద్దు గురించి: మన మధ్య గోడలో ఉన్న చిన్న తలుపు మేకులు కొట్టేసింది నువ్వు. తీయాలో వద్దో నీ ఇష్టం. షాపు మాత్రం నీది కాదు.

6. అమ్మ బంగారు గాజులు నాలుగూ అన్నయ్య కూతురు శ్రీసత్యకు. నేను ఇవి వేసుకోలేదు. మూత తీసిన సెట్టు దగ్గర ఒంటి మీద లోహం ఉండకూడదు. అందుకని పద్మనాభం ఊళ్లో ఒక పెళ్లిలో మా పిన్ని నలుగురిలో నా చెయ్యి పైకెత్తి చూపించి "బోసి చేతులు, ఎవడు చేసుకుంటాడు" అంది. ఆ పెళ్లిలో భోజనం చేయకుండా వచ్చేశాను. ఇప్పటికీ ఆమెను క్షమించలేదు, ఈ కాగితంలో కూడా క్షమించడం లేదు. శ్రీసత్యా, గాజులు వేసుకో, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి పక్కన పెట్టు. రెండూ నీ చేతులే.

7. మదీనా బీ గారికి నా బల్ల మీది భూతద్దం దీపం. ఎక్కువ వోల్టేజి దగ్గర ఒక్క చెయ్యే పనిచేయాలి, రెండోది జేబులో ఉండాలి. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతిలోకి పోతుంది. నియమం మగవాళ్లు రాసినది, ఆడవాళ్ల బట్టలకు జేబులు ఉండవని వాళ్లకు తోచలేదు. ఊళ్లో ముగ్గురు టైలర్లు నవ్వి పంపేస్తే, మదీనా బీ గారు ఏమీ అడగకుండా నా కమీజులన్నిటికీ ఎడమ జేబు కుట్టారు. అవి ఇవ్వడానికి వచ్చిన కూతురే, "అమ్మ అడగమంది, ఎడమపక్కే ఎందుకక్కా?" అని అడిగి, జవాబు వింటూ గుమ్మంలోంచి లోపలికి వచ్చి, బల్ల దాకా వచ్చింది. ఇప్పుడు ఆవిడకు సూదిలో దారం ఎక్కించడం కష్టంగా ఉంది. ఆ దీపం కింద సూది బెజ్జం తలుపంత కనబడుతుంది.

8. ఇర్ఫానాకు, విడిగా. ఇది ఆస్తో బరువో నాకు తేలలేదు. చిత్తులో రెండుసార్లు ఈ పేరా కొట్టేసి మళ్లీ రాశాను. విషం ఉన్న గదిని ప్రేమగా ఒకరి పేర రాయడం ఏం న్యాయమని నన్ను నేను అడిగాను. నీకు ఇష్టం లేకపోతే మూసేయ్. బ్యాంకులో నా పేర ఉన్నది మొత్తం నీదే. ముందు ప్రమాదకరమైన వాటిని పద్ధతిగా అప్పగించడానికి వాడు, మిగిలితే నీ ఇష్టం. పని చేసేవి కాలేజీలకు ఇచ్చేయ్. ఆ తర్వాత స్థలం అమ్ముకో, అపార్టుమెంటుకే ఇచ్చుకో. నేను వద్దన్నది అమ్మడం కాదు, చచ్చిందనుకుని అమ్మడం. మూసే హక్కు కూడా నీదే కావాలని రాస్తున్నాను. ఇంకొకరు మూయించకూడదు.

9. నా దహనం. కర్మకాండ అన్నయ్య తన ఇష్టప్రకారం చేయవచ్చు, అడ్డు చెప్పను. ఒక్కటి తప్ప. దింపుడు కళ్లం దగ్గర నా చెవిలో పిలిచేది ఇర్ఫానా. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదంటారు. అది సగం దారి, శ్మశానం కాదు. మన మనిషి కాదంటారు. ఆ మాట అనేవాళ్లు ఎవరూ పదకొండేళ్లు నా ఎదురుగా కూర్చోలేదు. బ్రాహ్మడు ఒప్పుకోకపోతే ఆయన్ను పంపేసి ఇంకొకరిని పిలవండి. ఎవరూ ఒప్పుకోకపోతే మంత్రం లేకుండానే కానివ్వండి.

పేరు పెట్టి పిలవనక్కరలేదు, రోజూ పిలిచినట్టు "అక్కా" అంటే చాలు. పిలుపుకీ పిలుపుకీ మధ్య ఆగాలి. తొందరపెట్టే వాళ్లుంటారు, ఎండ అంటారు, ట్రాఫిక్ అంటారు. ఆగాలి. ఇర్ఫానాకు ఎంతసేపో తెలుసు.

మూడోసారికి కూడా నేను పలకకపోతే, అప్పుడు నమ్మండి. అంతవరకూ నన్ను చచ్చినదాని కింద జమకట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇది నా మొదటి వీలునామా, చివరిది కూడా ఇదే కావాలని నా కోరిక. మార్చుకునే హక్కు బతికున్నంతకాలం నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

2025 డిసెంబరు 14, గోపాలపట్నం.

(సంతకం) పంపన ఆశాజ్యోతి

సాక్షులు: పై ఆశాజ్యోతి గారు మా ఎదుట, మేము వారి ఎదుట, ఒకే చోట కూర్చుని సంతకాలు చేశాం. మాకు ఇందులో ఏ వాటా లేదు. సంతకానికి ముందు ఆవిడ కలం రాస్తోందో లేదో చిత్తుకాగితం మీద గీసి చూశారు. సంతకం అయ్యాక మళ్లీ గీసి చూశారు. రెండుసార్లూ రాసింది.

1. కనకరత్నం, టిఫిన్ సెంటరు, గోపాలపట్నం
2. గంగాలమ్మ, రిటైర్డ్ నర్సు, గోపాలపట్నం